బావికి చేతిపంపు చేస్తానన్న అల్లుడికి

అల్లుడూ,

కరెంటు పోయినప్పుడల్లా అక్క ఈ వయసులో చేంతాడు లాగలేకపోతోందని, పాత బావికి చేతిపంపు మనమే తయారు చేసుకుంటే ఎలా ఉంటుందని అడిగావు. చేసుకోవచ్చు, మంచి ఆలోచన. కానీ పైపుల కొట్టుకి వెళ్లేముందు చేంతాడుకి రాయి కట్టి బావిలోకి వదిలి, గట్టు నుంచి నీళ్ల దాకా ఎన్ని అడుగులు, అట్టడుగు దాకా ఎన్ని అడుగులు కొలువు. రోహిణి కార్తెలో నీళ్లు బాగా దిగిపోయినప్పుడు తీసిన కొలతే మనకు లెక్క, వానాకాలం కొలతను నమ్ముకుంటే వేసవిలో పంపు గాలి కొడుతుంది.

బజారులో దొరికే పోత ఇనుప పంపుని గట్టు మీద బిగిస్తే, అది పైపులో గాలి తీస్తుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లను పైకి తోస్తుంది. ఆ ఒత్తిడి లెక్క ప్రకారం 10 మీటర్ల దాకా తొయ్యగలదు గానీ, వాల్వుల్లో, జాయింట్లలో పోయేది పోగా చేతికొచ్చేది 7 మీటర్లే, అంటే 23 అడుగులు. ఎండాకాలం మీ బావిలో నీళ్లు 30 అడుగుల కిందకి పోతాయని అక్క అంటూనే ఉంటుంది, కాబట్టి దాని జోలికి పోకు. మనకు పిస్టన్ నీళ్లలో మునిగి ఉండే పంపు కావాలి.

మన ఊళ్లలో బోరింగులు చూశావు కదా. ఇండియా మార్క్ 2 రకంలో ఒక్క వాషరు మార్చాలన్నా పైపులన్నీ పైకి ఎత్తాలి. తర్వాత వచ్చిన మార్క్ 3లో పైపు లావు చేశారు, పిస్టన్‌ని పైపులోంచే లాగేయొచ్చు. నువ్వూ అలాగే చెయ్యి. తాగునీటికి పనికొచ్చే ఐఎస్ 4985 మార్కు ఉన్న 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు పైనుంచి కింది దాకా ఒకటే వాడు. వాషరు అరిగిపోవడం ఖాయం, అరిగిన రోజున మెకానిక్ కోసం అక్క ఎదురుచూడకూడదు. పిస్టన్ ఆడే చోట జాయింటు రాకుండా చూసుకో, గమ్ము పైపు బయటివైపే పల్చగా రాయి, లోపలికి కారి గడ్డకట్టిందంటే పిస్టన్ దిగదు.

ఇక పిస్టన్. రెండు నైలాన్ బిళ్లల మధ్య తోలు కప్పు వాషరు, అంచులు పైకి ఉండేలా. తోలుని రాత్రంతా నీళ్లలో నానబెట్టి వెయ్యి, నానకముందు వదులుగానే ఉండాలి, నానాక ఉబ్బుతుంది. బిళ్లలకు చిల్లులు పెట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కతో మూత పెడితే అదే వాల్వు. పైపు అడుగున ఫుట్ వాల్వు, అంటే నీళ్లను పైకి రానిచ్చి తిరిగి కిందకి పోనివ్వని మూత, బిగించాక దాన్ని బావిలో దించే ముందే పరీక్షించు. పైపు ముక్కని నిలబెట్టి నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి, తెల్లారి చూడు. గీత నుంచి కొంచెం దిగినా విప్పి మళ్లీ చెయ్యి. చాలామంది సరిగ్గా ఇక్కడే బద్ధకిస్తారు, తర్వాత పొద్దున్నే పంపు ఎంత కొట్టినా నీళ్లు రావడం లేదని టెన్షన్ పడతారు.

పైపు అడుగు బావి అడుక్కి మూడడుగుల పైన ఉండాలి, లేకపోతే బురద, ఇసుక వచ్చి తోలుని తినేస్తాయి. ఫుట్ వాల్వు కింద హాక్సా బ్లేడుతో గాట్లు పెట్టిన ముక్క తగిలించి నైలాన్ మెష్ చుట్టు.

పిడి సంగతి అక్కని దృష్టిలో పెట్టుకుని తేల్చుకో. ఈ లోతులో నీళ్ల బరువే 15 కిలోలు దాటుతుంది, పిస్టన్‌ని పిడికి కలిపే ఇనప రాడ్డు ఇంకో 6 కిలోలు. ఇరుసు నుంచి రాడ్డు దాకా ఎంత దూరముందో, ఇరుసు నుంచి పిడి దాకా దానికి నాలుగింతలు పెడితే అక్క చేతికి తగిలే బరువు 5 కిలోలు పైచిలుకు. ఒక్కో దెబ్బకి పావు లీటరు మీద కొంచెం వస్తుంది, బిందె నిండటానికి యాభై దెబ్బలు పడతాయి, ఇంతకంటే తొందర కావాలంటే బరువు పెరుగుతుంది.

పైపు మొత్తం జాయింట్ల మీద వేలాడకూడదు, పైన ఇనుప క్లాంపుతో పట్టించి, నైలాన్ తాడు ఒకటి కింది ముక్కకి కట్టి పైకి తెచ్చి గట్టుకి కట్టెయ్. ఎండ తగిలే పై భాగానికి మాత్రం జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు వెయ్యి, పీవీసీ ఎండకి పెళుసుబారుతుంది. బిగించే పనంతా గట్టు మీదనుంచే, బావిలోకి ఎవరినీ దించకు, పాత బావిలో గాలి మంచిది కాదు, ప్రాణం మీదకి వస్తుంది.

కొలతలు తీసిన రోజు ఫోన్ చెయ్యి, రాడ్డు పొడవు లెక్క నేను వేసి చెబుతాను.

మీ మామయ్య