ఆ రాయి ఒకప్పుడు చెట్టేనా?

ప్రశ్న: సార్, మాది మంచిర్యాల జిల్లా కోటపల్లి వైపు. మా తమ్ముడు చేను గట్టు చదును చేయిస్తుంటే జేసీబీకి ఒక రాయి తగిలింది. మూరన్నర పొడవు, అచ్చం చెట్టు మొద్దులా ఉంది, పైన బెరడులా గీతలు కూడా ఉన్నాయి. కొడితే ఖంగుమంటోంది. ఊళ్ళో ఒకాయన ఇది లక్షలు పలుకుతుంది, పార్టీని తెస్తానంటున్నాడు. మా అత్తమ్మేమో పసుపు కుంకుమ పెట్టి వేపచెట్టు కింద నిలబెట్టమంటోంది. ఇది నిజంగా రాయిగా మారిన చెట్టేనా, ఇంట్లోనే తెలుసుకునే దారేమైనా ఉందా? ఫోటోలు పంపుతున్నా. — ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన మూడు ఫోటోలూ పక్క నుంచి తీసినవే. అందరూ అలాగే తీస్తారు, చెట్టులా కనిపించేది ఆ పక్కే కాబట్టి. మోసం చేసేదీ ఆ పక్కే. నారలు నారలుగా, చారలు చారలుగా ఉండే రాళ్ళు మన దగ్గర కొల్లలు. నైస్ (gneiss) అనే చారల రాయి, పొరలు పొరలుగా అరిగిన ఇసుకరాయి, నెల్లూరు, ఖమ్మం వైపు దొరికే కయనైట్, ఇవన్నీ పక్క నుంచి చూస్తే ఎండిన కర్రలాగే ఉంటాయి. విరిగిన కొస ఫోటో లేకుండా నేను అవుననీ కాదనీ చెప్పను. అయితే మీ ఉత్తరంలో ఒక మాట నాకు ఆశ కలిగించింది, అది కోటపల్లి.

ఎందుకంటే ఇందులో సగం సంగతి రాయి మొహం చూడకుండానే తేలిపోతుంది, అది దొరికిన నేలను బట్టి. కూలిన మాను రాయి కావాలంటే కుళ్ళిపోయే లోపే బురదలోనో ఇసుకలోనో అగ్నిపర్వతపు బూడిదలోనో కూరుకుపోవాలి, దానికి గాలి ఆడకూడదు, చుట్టూ ఊరే నీళ్ళలో సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజం, కరిగి ఉండాలి, ఆ సిలికా కర్ర కణాల్లోకి దిగి గోడల వెంట పేరుకుంటూ పోవాలి. ఇదంతా నదులూ చెరువులూ మేట వేసిన నేలల్లో జరిగే పని. హైదరాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు గుట్టలున్నాయే, అవి భూమి లోతుల్లో కరిగిన రాయి గట్టిపడగా వచ్చినవి, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమ్మీద మొదటి చెట్లు నిలబడిందే సుమారు 38 కోట్ల ఏళ్ళ కిందట. కాబట్టి ఆ గుట్టల్లో పగలగొట్టిన రాయిలో మాను ఉందని ఎవరైనా తెస్తే, దాన్ని చేతిలోకి తీసుకోకుండానే కాదని చెప్పేయొచ్చు. ఎక్కడి నుంచో వాగు కొట్టుకొచ్చిన గులకరాయైతే, లేదా ఎవరో తెచ్చి పారేసిందైతే అది వేరే సంగతి.

మీది ప్రాణహిత–గోదావరి లోయ. నదులు మేటేసిన ఇసుకరాళ్ళు, బంకమట్టి రాళ్ళు, అక్కడక్కడా సున్నపురాయి ఉన్న నేల. మీ పక్కనున్న వేమనపల్లి మండలం యామన్‌పల్లి దగ్గరే డైనోసార్ ఎముకలు బయటపడ్డాయి, కోటసారస్ అని పేరుపెట్టిన ఆ జంతువు అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. నది అవతల మహారాష్ట్ర సిరోంచ తాలూకాలో రాతి మానులు దొరికిన వడధంలో ఫాసిల్ పార్కే పెట్టారు. మీ చేనులో అలాంటిది దొరికితే వింతేం కాదు. అలాగని అదే అనుకోవద్దు, ఎందుకంటే అదే ఇసుకరాయిలో ఇనుము గడ్డకట్టి గొట్టాల్లా, దుంగల్లా తయారైన గుండ్లు కూడా ఉంటాయి, పగిలితే లోపల వలయాలు కూడా కనిపిస్తాయి!

ఇప్పుడు కొస దగ్గరికి వద్దాం. పాత టూత్‌బ్రష్‌తో మట్టంతా రుద్ది కడగండి. తడి ఆరక ముందే ఎండలో పెట్టి పది రెట్ల భూతద్దంతో చూడండి, నగల పనివాళ్ళు కన్నుకు పెట్టుకునేది సరిపోతుంది. తడిగా ఉన్నప్పుడు లోపలి అల్లిక తేటగా కనిపిస్తుంది. చాలామంది వలయాలు కనిపించగానే గంతేస్తారు. వలయాలను నమ్మకండి. అగేటు అనే చారల రాయిలో వలయాలుంటాయి, నేను చెప్పిన ఇనుప గుండ్లలో ఉంటాయి, ఇసుకరాయిలో తుప్పు నీళ్ళు ఇంకినచోట కూడా చక్కటి వలయాలు పడతాయి. పైగా ఏడాదంతా వెచ్చగా ఉండే చోట పెరిగిన అసలు చెట్లలోనే కొన్నిటికి వలయాలు సరిగా పడవు. మీరు వెతకాల్సింది నడిమి దవ్వ నుంచి బెరడు వైపు ఆ వలయాలను కోసుకుంటూ పోయే వెంట్రుకంత సన్నటి గీతలు, ఇంటర్ బోటనీలో దవ్వరేఖలని చదువుకుని ఉంటారు. ఖనిజపు నీళ్ళు వలయాలు గీస్తాయి గాని, వాటిని అడ్డంగా కోస్తూ కొస నిండా వరుసగా సన్నటి రేఖలు గీయడం వాటివల్ల అయ్యే పని కాదు. ఆ రేఖలు కనిపిస్తే మీ రాయి చెట్టే అని నేను తొంభై పాళ్ళు ఒప్పుకుంటాను.

మిగతా పది పాళ్ళకు ఇంకో ఆనవాలుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మీ వైపు 'కోట' అనే పేరున్న రాతిపొరలు జురాసిక్ కాలానివి, సుమారు 17–18 కోట్ల ఏళ్ళ నాటివి. అప్పటికి పూలు పూసే చెట్లు లేవు, ఉన్నవి ఎక్కువగా పైన్ జాతి వంటివి. టేకు ముక్కనో వేప ముక్కనో నున్నగా కోసి కొస చూడండి, సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అవి దారునాళాలు. పైన్ జాతి కర్రలో అవి ఉండవు, ఒకే సైజు సన్నటి గళ్ళు వరసలు తీరి ఉంటాయి, పది రెట్ల అద్దంలో లీలగా గీతల్లా తెలుస్తాయి. మీ రాయి నిజంగా ఆ పొరల్లోదే అయితే రంధ్రాలుండకూడదు. రంధ్రాలు స్పష్టంగా కనిపిస్తే అది చెట్టే కావచ్చు గాని ఆ పొరది కాదు, ఆ తర్వాతి కాలానిది. అప్పుడు అది మీ చేనులోకి ఎలా వచ్చిందో అడగాలి. కొస నిండా చుక్కలు చుక్కలుగా ఉండి వలయాలే లేకపోతే తాడి జాతి. కోసిన తాటి దూలం చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అలాంటివి మధ్యప్రదేశ్ డిండోరి జిల్లా ఘుఘువాలో ఉన్నాయి, వాటి వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళు.

తక్కిన పరీక్షలు 'కాదు' అని తేల్చడానికి పనికొస్తాయి, 'అవును' అని చెప్పలేవు. చాకు మొనతో గీస్తే గీత పడకూడదు, రాయి అంచుతో గాజుసీసాను గీస్తే గాజు మీదే పడాలి. సిలికా అంత గట్టిది. చాకుకు లొంగి, వెనిగర్ చుక్క వేస్తే బుడగలొస్తే అందులో ఉన్నది సున్నపు ఖనిజం. చెట్లు అలా కూడా రాళ్ళవుతాయి, కాబట్టి అప్పుడు కూడా కొస చూడక తప్పదు. టైలు వెనక గరుకు వైపు రుద్దితే తుప్పురంగు గీత పడితే ఇనుప గుండని అనుమానించండి. స్ప్రింగ్ కాటా ఉంటే రాయిని మామూలుగా ఒకసారి, నీళ్ళ బకెట్లో పూర్తిగా ముంచి ఒకసారి తూచండి. నీళ్ళలో ఎంత బరువు తగ్గిందో ఆ తేడాతో మామూలు బరువును భాగిస్తే 2.6 దగ్గర రావాలి. 3 దాటితే ఇనుము, 2 కన్నా బాగా తక్కువైతే ఇంకా రాయి కాని పాత కర్రో, బొగ్గో. గ్రానైటుకీ 2.6, 2.7 దగ్గరే వస్తుంది, అందుకే అన్నాను ఇది కాదనడానికే అని. ఖంగుమనడం గట్టి రాళ్ళన్నిటి లక్షణం.

సుత్తితో పగలగొట్టకండి, నిప్పులో వేయకండి, మెరుపు కోసం నూనె, వార్నిష్ అసలే వద్దు. పసుపు కుంకుమ మీ ఇష్టం, నాకేం అభ్యంతరం లేదు గాని కొస చూడటం అయ్యాక పెట్టమనండి అత్తమ్మను, పసుపు పగుళ్ళలోకి దిగితే ఇక ఏ గీతా కనిపించదు.

లక్షల సంగతి. రాతి కలప మరీ అరుదైన సరుకేం కాదు. ఇండోనేషియా నుంచి దాన్ని కోసి, పాలిష్ పట్టి బల్లలుగా, స్టూళ్ళుగా అమ్ముతారు. ధర పలికేది రంగుకూ, పాలిష్‌కూ, సైజుకూ. 'పార్టీ వస్తుంది, ముందు టెస్టింగ్ ఖర్చులు కట్టండి' అని ఎవరైనా అంటే అది రైస్ పుల్లింగ్ బ్యాచ్ వేషం మార్చుకుని వచ్చిందే అనుకోండి. ఒక్క రూపాయి ఇవ్వకండి.

కొసలో రేఖలు కనిపిస్తే మాత్రం దొరికిన చోటును ఫోన్‌లో లొకేషన్‌తో సహా ఫోటో తీసి పెట్టుకోండి, ఎంత లోతులో, ఏ రంగు మట్టిలో ఉందో రాసుకోండి. చోటు తెలియని శిలాజం శాస్త్రానికి సగం పనికిరానట్టే. హైదరాబాద్ బండ్లగూడలో జియలాజికల్ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, ఉస్మానియాలో జియాలజీ విభాగం ఉంది, ముందు ఫోటోలు పంపి అడగండి. చివరి తీర్పు మాత్రం మైక్రోస్కోపుదే. రాయిని 0.03 మిల్లీమీటర్ల పల్చటి పొరగా అరగదీసి, అడ్డుకోత ఒకటి, నిలువుకోతలు రెండు చూసి చెట్టు ఏ కుటుంబానిదో కూడా చెబుతారు. ఈ పనికి దేశంలో పెద్ద దిక్కు లక్నోలో శిలాజ వృక్షాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని స్థాపించిన పరిశోధన సంస్థ. 1949 ఏప్రిల్‌లో నెహ్రూ వేసిన దాని శంకుస్థాపన రాయిలోనే సాహ్ని శిలాజాలు పొదిగించారు. ఆ తర్వాత వారం రోజులకే సాహ్ని పోయారు.

ప్రశ్న: వేంపల్లె దగ్గర మా బండల్లో చెట్టు నరికినట్టు గుండ్రటి వలయాలున్నాయి, పక్కపక్కనే పది పన్నెండు. ఇదొక అడవి అయ్యుంటుందా? — ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: అడవి కాదండీ, అంతకన్నా చాలా పాతది. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని సముద్రంలో సయానోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల జిగురు పొరలు పరుచుకుని, వాటి మీద సున్నపు బురద పడి, మళ్ళీ పొర, మళ్ళీ బురద, అలా గుమ్మటాల్లా పెరిగినవి. గుమ్మటాన్ని అడ్డంగా కోస్తే వలయాలే కదా కనిపించేది. వంద కోట్ల ఏళ్ళు ఎప్పుడో దాటినవి, అప్పటికి చెట్టన్నదే లేదు. పక్క నుంచి చూడండి, పొరలు పైకి ఉబ్బి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, దవ్వరేఖలు ఉండవు. వెనిగర్ మామూలుగా వేస్తే పెద్దగా పొంగకపోవచ్చు, గీరి పొడి చేసి వేస్తే బుడగలొస్తాయి, అది డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి) గుణం. ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లా సల్ఖన్‌లో ఇలాంటి వాటికే ఫాసిల్ పార్కు ఉంది. మీరు మాత్రం వాటిని గచ్చు కింద పరుస్తున్నారు!

ఇదే జిల్లాలో ఉన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. పులివెందుల చుట్టుపక్కల ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ గనులుండేవి. పట్టులా మెరుస్తూ, గోటితో లాగితే దారాలుగా ఊడొచ్చే రాయి కనిపిస్తే అది కర్ర నార కాదు. పీకొద్దు, ఊదొద్దు, ఇంటికి తేవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. సిలికాగా మారిన కలప గోటికి ఎప్పుడూ ఊడిరాదు.

ప్రశ్న: ఫీనిక్స్‌లో ఉంటున్నాం. అరిజోనాలో రాతి చెట్లు చూశాక ఒక ముక్క ఇంటికి తెచ్చుకోవాలనిపించింది, తప్పా? — ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులోంచి అయితే గోరంత ముక్క కూడా నేరమే. అలా తీసుకెళ్ళినవాళ్ళు ఏళ్ళ తర్వాత క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిప్పి పంపిన ముక్కలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. ఎక్కడివో తెలియవు కాబట్టి మళ్ళీ చోటికి చేర్చలేరు. పార్కు బయట, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసే ప్రభుత్వ భూముల్లో మూసేసిన చోట్లు తప్పించి, సొంతానికి రోజుకు 25 పౌండ్ల బరువు, దానికి తోడు ఇంకో ముక్క, ఏడాదికి మొత్తం 250 పౌండ్లు మించకుండా ఏరుకోవచ్చు, అమ్మకూడదు. సులువైన దారి హాల్‌బ్రూక్ ఊళ్ళో షాపులు, ప్రైవేటు భూముల్లో తవ్విన ముక్కలు అమ్ముతారు, బిల్లు జాగ్రత్తగా ఉంచుకోండి. ఇండియా వచ్చినప్పుడు పుదుచ్చేరి వెళ్తే దగ్గర్లోనే తిరువక్కరై ఉంది, విళుప్పురం జిల్లా. 1940లో రక్షిత ప్రాంతం చేశారు, సుమారు రెండు కోట్ల ఏళ్ళ నాటి మానులు ఎర్రమట్టిలో పడి ఉంటాయి. అక్కడా చూడటం వరకే, ఏరుకోవడం కుదరదు.