మొక్క సంగతి సరే, ఇంట్లో ఎవరెవరున్నారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకటే బాపతు. "వీడియోలో ఇలా చెప్పారు, అలాగే చేశాం, తీరా చూస్తే ఇలా అయింది." అందుకని ఈసారి ఎరువులూ అంట్లూ పక్కనబెట్టి వీటికే జవాబులు రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, వృక్షశాస్త్రం చదువుకున్నదాన్నీ కాదు, ఇరవై ఏళ్ళుగా మిద్దె తోటలో మట్టి పిసుకుతున్నదాన్ని, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబుకి ఏడాదిన్నర. హాల్లో ఉన్న డిఫెన్‌బాకియా ఆకు కొరికాడు. ఒకటే ఏడుపు, నోటి నిండా చొంగ, కింది పెదవి వాచిపోయింది. ఆ మొక్క నమిలితే పిల్లలు ఒక్క నిమిషంలో పోతారని ఎప్పుడో వాట్సాప్‌లో చూసింది గుర్తొచ్చి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా అత్తగారు ఉప్పునీళ్ళు తాగించి కక్కిద్దామన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళాం, సాయంత్రానికి తగ్గింది. మొక్క కొన్నప్పుడు నీడలో పెట్టండి, నీళ్ళు తక్కువ పోయండి అన్నారే కానీ ఇది ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో మొక్కలన్నీ పారేయమంటారా? – ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: బాబు బాగున్నాడు కాబట్టి ముందు ఊపిరి పీల్చుకోండమ్మా. ఆ వాట్సాప్ మెసేజ్ నాకూ ఏటా రెండుసార్లు వస్తుంది. నిమిషంలో ప్రాణం పోతుందన్నది అబద్ధం, కానీ నొప్పి మాత్రం అబద్ధం కాదు. కంద తరిగితే చేతులు దురద పెడతాయి చూడండి, సరిగ్గా అదే ఇదీ. కంద, చేమ, డిఫెన్‌బాకియా, మనీ ప్లాంటు, పీస్ లిల్లీ, అగ్లోనిమా, సింగోనియం, మాన్‌స్టెరా అన్నీ ఒకే చేమ కుటుంబం. వీటి ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నటి సూదుల్లా కట్టలు కట్టి ఉంటాయి, నమలగానే నాలుకలో, బుగ్గల లోపల గుచ్చుకుంటాయి. కత్తిపీటకి లేని దురద పిల్లాడి నాలుకకి ఉంటుంది మరి. నోరు మండిపోవడంతో చాలామంది పిల్లలు ఒక్క కొరుకుతోనే ఆపేస్తారు, అందుకే ఎక్కువమందికి కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతుంది.

అలాంటప్పుడు చేయాల్సింది పెద్దగా ఏమీ ఉండదు. నోట్లో ఆకు ముక్క ఉంటే తడిగుడ్డ చుట్టిన వేలితో తీసేయాలి, నీళ్ళతో నోరు తుడవాలి, బాబు మింగగలుగుతుంటే చల్లటి పాలో పెరుగో కొంచెం కొంచెం పట్టాలి. చేతులు కడగాలి, ఎందుకంటే అదే చేత్తో కళ్ళు నలుపుకుంటారు. మీ అత్తగారు కంగారులో అన్నారు కానీ కక్కించడం మాత్రం వద్దు, గుచ్చుకున్నదే మళ్ళీ గొంతు దాకా పైకి వస్తుంది, పైగా ఉప్పునీళ్ళు చిన్నపిల్లలకి ప్రమాదం. నాలుక వాస్తున్నా, గొంతు బొంగురుపోయినా, చొంగ కూడా మింగలేకపోతున్నా, ఊపిరికి ఇబ్బందిగా ఉన్నా ఇంట్లో వైద్యాలు ఆపేసి 108కి ఫోన్ చేయాలి. మీరు ఆస్పత్రికి తీసుకెళ్ళి మంచి పని చేశారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, టోల్‌ఫ్రీ, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఇక పారేయాలా అంటే, డిఫెన్‌బాకియాని పిల్లలు లేని ఇంటికి ఇచ్చేయండి. ఎత్తు మీద పెడితే చాలంటారు కానీ పండిన ఆకు రాలేది నేల మీదే కదా, మీవాడు పాకేది కూడా అక్కడే. దానికన్నా నాకు మీ గేటు దగ్గర ఏముందోనన్న బెంగ ఎక్కువ. మన ఊళ్ళలో గన్నేరు, పచ్చగన్నేరు లేని వీధి ఉండదు. "ఇంట్లో పెంచే విషపు మొక్కలు" అని వచ్చే జాబితాల్లో మనీ ప్లాంటునీ గన్నేరునీ ఒకే వరుసలో రాస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మనీ ప్లాంటు నోరు మండిస్తుంది, గన్నేరు గుండె మీద పనిచేస్తుంది. మొదటిది ఏడిపించి తెలియజేస్తుంది, రెండోది నమిలిన పిల్లాడు కాసేపు మామూలుగానే ఆడుకుంటూ ఉండొచ్చు. అందుకని గన్నేరు ఆకు గానీ, పచ్చగన్నేరు కాయ గానీ నోట్లో పెట్టుకున్నాడని అనుమానం వచ్చినా చాలు, "బాగానే ఉన్నాడుగా, చూద్దాంలే" అనుకోకుండా ఆ కొమ్మ ముక్క చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. కేరళలో 2024లో గన్నేరు ఆకు నమలడం వల్లేనని అనుమానించిన ఒక యువతి మరణం తర్వాత తిరువితాంకూర్ దేవస్వం బోర్డు నైవేద్యంలో, ప్రసాదంలో ఆ పూలు వాడొద్దని చెప్పింది. అక్కడ దాన్ని అరళి అంటారు. మనం మాత్రం ఇంకా పూజకి కోసుకుంటూనే ఉన్నాం. దేవుడి పటానికి పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, పిల్లాడి చేతికి అందే ప్రసాదం పళ్ళెంలో మాత్రం వేయకండి.

ప్రశ్న: అక్కా, మేం కొత్తగా పిల్లిని తెచ్చుకున్నాం. అమెరికాలో ఉన్న మా చెల్లి "మనీ ట్రీ పిల్లులకి సేఫ్, లిల్లీలు మాత్రం ఇంట్లోనే ఉంచొద్దు" అంది. దాంతో మనీ ప్లాంటు ఉంచేసి, పూజకి లిల్లీ పూలు కొనడం మానేశాను. సరేనా? – హైదరాబాద్

జవాబు: మీ చెల్లి చెప్పింది కరెక్టే. మీరు చేసింది రెండుచోట్లా తారుమారైంది, తప్పు మీదీ కాదు, పేర్లది. ఆవిడ చెప్పిన మనీ ట్రీ అంటే పచిరా అక్వాటికా, కాండాలు జడలా అల్లి అమ్ముతారు చూడండి, అది. దాన్ని పిల్లులకి హాని చేయని మొక్కల్లో లెక్కేస్తారు. మన మనీ ప్లాంటు ఎపిప్రెమ్నమ్ ఆరియం, ఇందాక చెప్పిన చేమ బంధువు, పిల్లి నమిలితే చొంగ కారుస్తుంది, కక్కుతుంది. ప్రాణం మీదకి రావడం అరుదు గానీ సేఫ్ అని మాత్రం అనలేం. వేలాడే కుండీలోకి మార్చి, తీగ కిందకి జారకుండా కత్తిరిస్తూ ఉండండి.

లిల్లీల విషయంలో ఆవిడ భయపడుతున్నది అక్కడ ఈస్టర్‌కీ బొకేలకీ వాడే అసలు లిల్లీల గురించి. వాటి పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా, ఆ పూలు పెట్టిన నీళ్ళు తాగినా పిల్లి కిడ్నీలు పాడైపోతాయి, ఒకటి రెండు రోజుల్లో చేయి దాటిపోతుంది. ఇక్కడ గుడిమల్కాపూర్ మార్కెట్‌లో మూరల లెక్కన కొనే లిల్లీ మాలలు నేలసంపెంగలు, వాటికీ వీటికీ పేరు తప్ప చుట్టరికం లేదు. పీస్ లిల్లీ కూడా లిల్లీ కాదు, అదీ చేమ కుటుంబమే. కాబట్టి పూజకి మీ పూలు మీరు కొనుక్కోండి, ఎవరైనా పుట్టినరోజుకి ఖరీదైన లిల్లీ బొకే తెస్తే మాత్రం దణ్ణం పెట్టి వెనక్కి పంపండి. ఇకముందు విదేశీ సలహా ఏది విన్నా మొక్క లాటిన్ పేరు అడిగి ఫోన్‌లో రాసిపెట్టుకోండి, నవ్వితే నవ్వనివ్వండి.

ప్రశ్న: వేరుకుళ్ళు పోవాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి పోయమని ఒక ఇంగ్లిష్ వీడియోలో చెప్పారు. అలాగే పోశాను. ఆకుల అంచులు మాడిపోయాయి. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచాను, మళ్ళీ వాడొచ్చా? – విజయవాడ

జవాబు: ఈ ఉత్తరం చదవడం ఆపేసి ముందు ఆ సీసా ఖాళీ చేసి రండి. మేలో మీ ఊరి ఎండకి బయటినుంచి వచ్చినవాళ్ళు చేసే మొదటి పని కనిపించిన కూల్‌డ్రింక్ సీసా ఎత్తడం. పారబోశారా? సరే.

ఆ వీడియో చేసినావిడ చేతిలో ఉన్నది 3 శాతం ద్రావణం, అక్కడ మందుల షాపుల్లో మామూలుగా దొరికేది అదే. మన దగ్గర మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అంటే అక్కడి ఒక గ్లాసుకి మనం వేయాల్సింది అర గ్లాసు. మీరు చెప్పినట్టే చేశారు, రెట్టింపు పడింది. ఇంకొందరు దాంతో పాటు వెనిగర్ కూడా కలపమంటున్నారు, ఆ రెండూ కలిస్తే పెరాసెటిక్ ఆమ్లం పుడుతుంది, కళ్ళూ ముక్కూ మండిపోతాయి, ఆ జోలికి పోకండి.

అసలు ఆ తిప్పలన్నీ అక్కర్లేదు. వేరు కుళ్ళేది ఎక్కువగా నీళ్ళు నిలిచి. మొక్కని కుండీలోంచి తీసి, మెత్తగా నల్లగా అయి వాసన కొట్టే వేర్లు కత్తిరించి, ఇసుకో కొబ్బరి పొట్టో కలిపి నీరు త్వరగా దిగిపోయే పొడి మట్టిలో మళ్ళీ నాటండి. రెండు కణుపుల లోతు వేలు దింపితే తడి తగలనప్పుడే నీళ్ళు పోయండి.

కొలతల దగ్గర మీకొక్కరికే కాదు, నాకూ దెబ్బ తగిలింది. కొన్నేళ్ళ క్రితం ఇదే పేజీలో లీటరు నీళ్ళకి రెండు చెంచాల వేపనూనె కొట్టమని రాశాను. ఒకావిడ ఇంట్లో చెంచా అంటే కూర వడ్డించేదట. గులాబీ మొక్కలన్నీ నూనెలో వేయించినట్టయ్యాయని ఫొటోలు పంపారు. అప్పట్నుంచి మిల్లీలీటర్లలోనే రాస్తున్నా: లీటరుకి 5 మి.లీ., నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు, ఎండ పోయాక సాయంత్రం, అదీ ముందు ఒక్క కొమ్మకి కొట్టి రెండు రోజులు చూశాక. వేప కదా అని ఆ సీసా పిల్లలకి అందేలా పెట్టొద్దు, తాగితే పసిపిల్లలకి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు.

ప్రశ్న: పొలానికి తెచ్చిన మోనో మందు డబ్బా అడుగున కాస్త మిగిలింది. బాల్కనీలో మిరప, వంగ మొక్కలకి పురుగు పట్టింది. కొంచెమే కదా, కొట్టొచ్చా? – గుంటూరు జిల్లా

జవాబు: వద్దండీ. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వమే నిషేధించింది. పైగా పొలంలో గాలి ఉంటుంది, మీ బాల్కనీకి ఆనుకుని ఉన్నది పక్కింటివాళ్ళ వంటింటి కిటికీ. డబ్బా మీద చతురస్రంలో రంగు ఉంటుంది చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తున్న డబ్బాలు అపార్ట్‌మెంట్ గడప తొక్కకూడదని నా లెక్క. నాలుగు కుండీలే కదా, పురుగుల్ని చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేయండి, పేనుబంకయితే పైపుతో నీళ్ళు గట్టిగా కొడితే పోతుంది.

ప్రశ్న: గాలిలో తేమ ఉండాలని పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, నీళ్ళు నింపి, దాని మీద కుండీలు పెట్టాను. మా ఆయన దోమలొస్తాయని గొడవ. – కాకినాడ

జవాబు: మీ ఆయన గెలిచారు. అది చలికాలమంతా హీటర్లు వేసుకుని ఇంట్లో గాలి ఎండిపోయే దేశాల చిట్కా. కాకినాడలో గాలిని పిండితే నీళ్ళు కారతాయి, మీకెందుకమ్మా ఆ పళ్ళేలు? డెంగీ దోమకి కావాల్సింది అలాంటి కొంచెం నిలవ నీళ్ళే, గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. సీసాల్లో పెంచే మనీ ప్లాంటు, లక్కీ బాంబూ కూడా ఇంతే, వారం తిరక్కుండా నీళ్ళు మార్చాలి. ఉత్తినే పారబోస్తే చాలదు, గుడ్లు అంచుకి అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, అందుకని పీచుతో రుద్ది కడగాలి. ఆరోగ్య శాఖవాళ్ళు చెప్పే ఫ్రైడే డ్రైడే, అంటే శుక్రవారం శుక్రవారం నిలవ నీళ్ళు పారబోసి ఆరబెట్టడం, గుర్తు పెట్టుకుంటే రోజు మర్చిపోరు.

ప్రశ్న: గులాబీలకి ఆముదం పిండి వేయమని మీరే రాశారు. మా కుక్క కుండీలు తవ్వేస్తోంది. – వరంగల్

జవాబు: కుక్క ఉందని మీరు రాయలేదు, నేనూ అడగలేదు. ఆముదం పిండి అంటే గింజల నూనె తీశాక మిగిలే చెక్కే, అందులో రిసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు, ఆ వాసన కుక్కలకి ఇష్టం, తిని చనిపోయిన సందర్భాలున్నాయి. పైమట్టి తీసేసి, వర్మీకంపోస్టుకి మారండి. ఇప్పటికే తిన్నట్టు అనుమానముంటే, లేదా వాంతులు, రక్త విరేచనాలు కనిపిస్తే, ఈ పూటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి "ఆముదం పిండి" అన్న మాట తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి ఆస్తమా. నాసా చెప్పిన స్నేక్ ప్లాంట్లు పడగ్గదిలో నాలుగు పెడితే గాలి శుభ్రమై ఇన్‌హేలర్ తగ్గించొచ్చా? – కర్నూలు

జవాబు: ఇన్‌హేలర్ జోలికి వెళ్ళకండి, అది డాక్టరు తగ్గించాల్సింది. నాసా 1989లో చూసింది గాలి చొరబడని పెట్టెల్లో. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే, మామూలు ఇంట్లో గాలి మారే దానికి సాటి రావాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మీ పడగ్గది పదడుగులకి పన్నెండయితే తక్కువలో తక్కువ నూటపది కుండీలు, మరి మీ నాన్నగారు ఎక్కడ పడుకుంటారు? ఒకటి పెట్టండి చూడ్డానికి బావుంటుంది. దాని మట్టి ఎప్పుడూ తడిగా ఉండి బూజు పడితే ఆయన ఆయాసం ఇంకా పెరగొచ్చు. కిటికీ తెరవండి.

ప్రశ్న: ఆకులు పచ్చబడుతున్నాయి. ఫొటో పంపాను. ఏం చేయాలి? – పేరు, ఊరు రాయలేదు

జవాబు: ఫొటోలో కుండీ బావుంది, పింగాణీది. దాని అడుగున చిల్లు ఉందా?