క్యాష్ జీతమా, మ్యూజియంలో మెయింటెనెన్స్ ఉద్యోగమా?

ప్రశ్న: నా వయసు 43. అన్నయ్య వేసిన పిటిషన్ మీద గ్రీన్ కార్డు వచ్చి, భార్యాపిల్లలతో ఈమధ్యే చికాగో దగ్గర అరోరాకి వచ్చాను. హైదరాబాద్‌లో ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. ఆఫీసు బిల్డింగుల్లో కరెంటు, ఏసీ, ప్లంబింగ్ పనులు చూసేవాణ్ణి. జాక్సన్ పార్కులోని సైన్స్ మ్యూజియం నుంచి మెయింటెనెన్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు. బంధువొకాయన తన గ్యాస్ స్టేషన్‌లో చేరమంటున్నారు. కటింగులేమీ లేకుండా క్యాష్ ఇస్తారట, లెక్కేస్తే అదే ఎక్కువ. ఇంట్లోవాళ్లు "అమెరికా వెళ్లి బాత్రూములు రిపేరు చేస్తావా" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ఇంటర్వ్యూకి వెళ్లండి. ఉద్యోగం ఇస్తే చేరిపోండి. ఇందులో రెండో ఆలోచన వద్దు.

నేనూ దాదాపు మీ వయసులోనే వచ్చాను. అదే ఐటీఐ చదువు, అలాంటి బంధువే, అలాంటి గ్యాస్ స్టేషనే. రాత్రంతా కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి, శుక్రవారం సాయంత్రం కవర్లో నోట్లు చేతికొచ్చేవి. ఆ కవరు జేబులో ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో! నెలనెలా ఇంటికి పంపాను. నల్గొండ రోడ్డులో ప్లాటు కొన్నాను. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఇక్కడ ఇల్లు కొందామని బ్యాంకుకి వెళితే, ముందు రెండేళ్ల డబ్ల్యూ-2లు, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను చూపించే కాగితాలు, తెమ్మన్నారు. నా దగ్గర ఒక్క పే స్టబ్ (జీతం చీటీ) కూడా లేదు. ఇంటికొచ్చి ప్రభుత్వ పెన్షన్ చూసే సోషల్ సెక్యూరిటీ వాళ్ల సైట్లో నా పేరు మీద ఖాతా తెరిచి చూశాను. అందులో ఏ ఏడాది ఎంత సంపాదించామో వరసగా కనిపిస్తుంది. నిద్ర మానుకుని పనిచేసిన ఆ ఏళ్లన్నిటి ఎదురుగా సున్నాలు ఉన్నాయి. ఆ రాత్రి మా ఆవిడతో మాట్లాడలేకపోయాను.

మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి విడమరిచి చెబుతాను. ఇక్కడ వృద్ధాప్యంలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి. 65 నిండాక మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఆసుపత్రి భాగం ప్రీమియం లేకుండా రావాలన్నా అవే 40 కావాలి. 2025లో 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్ లెక్క. ఎంత సంపాదించినా ఏడాదికి నాలుగే. అంటే లెక్కల్లో కనబడే జీతంతో పదేళ్లు పనిచేయాలి. హైదరాబాద్‌లో కట్టిన పీఎఫ్ ఏళ్లు ఇక్కడ కలవవు, రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం లేదు. పాతికేళ్లకి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఈ లెక్క పట్టకపోయినా పర్వాలేదు, వాళ్లకి ముందు చాలా కాలం ఉంది. 43కి వచ్చిన మనకి ప్రతి ఏడాదీ విలువైనదే.

'కటింగులు లేవు' అని బంధువు చెప్పేది మంచి మాట కాదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం జీతంలో మన దగ్గర కోసేది 7.65 శాతం, యజమాని మన పేరు మీద ఇంకో 7.65 శాతం కట్టాలి. క్యాష్ ఇచ్చినప్పుడు మిగిలేది ఆయనకి. పైగా చూపించాల్సిన ఆదాయం చూపించకపోతే రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో ట్యాక్స్ ప్రశ్నల దగ్గర చిక్కుకుంటారు. రూల్స్ అన్నీ ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి, చదువుకోండి.

ఇక బాత్రూముల మాట. తమ్ముడూ, మీరు వెళ్తున్నది ఏ బిల్డింగుకో ముందు తెలుసుకోండి. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం లలితకళల భవనంగా కట్టారు. మిగతా భవనాలు తాత్కాలికంగా కట్టినవి కాబట్టి దాదాపు అన్నీ పోయాయి. ఇందులో విలువైన చిత్రాలు పెట్టాలని లోపల ఇటుకతో గట్టిగా కట్టారు, అందుకే నిలిచింది. సియర్స్ కంపెనీ పెద్ద జూలియస్ రోజెన్‌వాల్డ్ డబ్బిచ్చి పూనుకుంటే, పైన ప్లాస్టర్ తీసి సున్నపురాయి తొడిగి, 1933లో మ్యూజియంగా తెరిచారు. 2024లో మ్యూజియం పేరుకి విరాళమిచ్చిన కెన్ గ్రిఫిన్ పేరు చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో పట్టుకున్న జర్మన్ జలాంతర్గామి యు-505 అక్కడే ఉంది. 1954 నుంచి యాభై ఏళ్లు ఎండకీ మంచుకీ ఆరుబయట ఉండి పాడైపోతుంటే, 2004లో భూమి లోపల హాలు కట్టి అందులోకి దించారు. ఆ హాల్లో గాలి, తేమ అదుపులో ఉంచడం ఎవరి పని అనుకుంటున్నారు? సైన్స్ స్టార్మ్స్ హాల్లో 40 అడుగుల ఆవిరి సుడిగాలి నిలబడాలన్నా చుట్టూ గాలి సరిగ్గా ఉండాలి. కోడిపిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చే పెట్టె దగ్గర పిల్లలు గుంపుగా నిలబడతారు. ఆ పెట్టెకి కరెంటు పోకూడదు. సాధారణంగా ప్రదర్శనల బాగోగులు వేరే టీమ్ చూస్తుంది, గాలి, నీరు, కరెంటు మనవి. అవి లేకపోతే ఏ ప్రదర్శనా నడవదు.

నేను పనిచేసింది ఇంకో సైన్స్ మ్యూజియంలో. గ్యాస్ స్టేషన్ మానేశాక అక్కడ చేరి, ఇంట్లోవాళ్ల మాటలు పడుతూనే చీఫ్ ఇంజినీర్ పక్కన నిలబడే స్థాయికి వచ్చాను. అందుకే ధైర్యంగా చెబుతున్నాను, చేతిలో పనున్నవాడికి ఇది మంచి ఉద్యోగం.

కానీ మనకి తెలిసిన పనే కదా అని వెళితే దెబ్బ తింటారు. మొదటి విషయం వైర్ల రంగు. మన దగ్గర పాత వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఇక్కడ నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. 480 వోల్టుల లైన్లలో గోధుమ, నారింజ, పసుపు ఫేజులు, బూడిదరంగు న్యూట్రల్. అలవాటుగా నల్ల వైరు పట్టుకుంటే ప్రాణం పోతుంది. బ్రేకర్ ఆఫ్ చేసి, మీ తాళం వేసి, ట్యాగ్ కట్టి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. ఎంత తొందరలో ఉన్నా సరే.

రెండోది చలి. హైదరాబాద్‌లో ఏసీ కాయిల్‌లో నీళ్లు గడ్డకట్టి అది పగలడం నేనెప్పుడూ చూడలేదు. నా మొదటి శీతాకాలంలో ఓ తెల్లవారుజామున పైకప్పు మీద బిల్డింగులోకి గాలి పంపే ఎయిర్ హ్యాండ్లర్ ఆగిపోయింది. వెళ్లి చూస్తే ఫ్రీజ్‌స్టాట్ ట్రిప్ అయింది. అదొక చిన్న పెట్టె. దాన్నించి 20 అడుగుల సన్నటి రాగి గొట్టం కాయిల్ ముందు అటూ ఇటూ పరిచి ఉంటుంది. ఆ గొట్టంలో ఎక్కడైనా ఒక్క అడుగు మేర 38 ఫారన్‌హీట్ కంటే, అంటే దాదాపు 3 సెల్సియస్ కంటే, చల్లబడితే ఫ్యాన్ ఆపేస్తుంది. నేను రీసెట్ బటన్ నొక్కాను. మళ్లీ ట్రిప్ అయింది. మళ్లీ నొక్కాను. తెరిచే వేళ దగ్గర పడుతోంది, గ్యాలరీ చల్లబడుతోంది. పరికరమే చెడిపోయిందనుకుని రెండు టెర్మినళ్లకీ ముక్క వైరు కలిపేసి ఫ్యాన్ నడిపించాను. అసలు సంగతేమిటంటే, బయటి గాలిని లోపలికి వదిలే రెక్కల తలుపు, డ్యాంపర్ అంటారు, తెరుచుకుని ఇరుక్కుపోయింది. మంచుగాలి నేరుగా కాయిల్ మీదికి కొడుతోంది. మధ్యాహ్నానికి కాయిల్ పగిలి నీళ్లు కింది గ్యాలరీ సీలింగులోంచి కారాయి. ఉద్యోగం పోలేదు గానీ ఆ రోజు నుంచి నాకు ఓవర్‌టైమ్ షిఫ్టులు రావడం తగ్గింది. ఆ ఏడాది ఇంటికి పంపే డబ్బుకి అప్పు చేశాను. 2019 జనవరి 30న చికాగోలో మైనస్ 23 ఫారన్‌హీట్‌కి పడిపోయిన రోజున మాత్రం మా బిల్డింగులో ఒక్క కాయిల్ కూడా పోలేదు. ముందు రాత్రే ప్రతి డ్యాంపర్నీ చేత్తో తోసి చూసి వచ్చాను.

ఫ్లష్ వాల్వులకి నామోషీ పడకండి. వసంతంలో పసుపు బస్సుల్లో స్కూలు పిల్లలు వస్తారు. ఒక్క వాల్వు ఆగకుండా పోతుంటే చాలు, రెస్ట్‌రూమ్ మూసేయాలి. ఎక్కువ చోట్ల స్లోన్ కంపెనీవి ఉంటాయి, ఆ కంపెనీ 1906లో చికాగోలోనే పుట్టింది. పక్కనున్న స్టాప్, అంటే నీళ్లు ఆపే స్క్రూ, స్క్రూడ్రైవర్‌తో బిగించి, పై మూత విప్పి రబ్బరు డయాఫ్రమ్ తీయండి. దాని అంచు దగ్గర సూది మొనంత రంధ్రం ఉంటుంది. అందులో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు ఆగవు. కడిగి పెట్టండి, చిరిగితే కొత్తది వేయండి. ఈ పని చేతికొచ్చిన మనిషిని ఏ మ్యూజియమూ వదులుకోదు.

సర్టిఫికెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఏసీ గ్యాస్ ముట్టుకోవాలంటే ఈపీఏ (పర్యావరణ శాఖ) 608 సర్టిఫికెట్ తప్పనిసరి. నాలుగు విభాగాలూ రాసి యూనివర్సల్ తెచ్చుకోండి, అది గడువు తీరేది కాదు. తర్వాత పనిలో భద్రత గురించి ఓషా 10 గంటల శిక్షణ కార్డు. పెద్ద ప్లాంట్ల వైపు వెళ్లాలనుకుంటే బాయిలర్ల లాంటివి నడిపేవాళ్లకిచ్చే చికాగో సిటీ స్టేషనరీ ఇంజినీర్ లైసెన్సు, ఆ పనివాళ్ల లోకల్ 399 యూనియన్ గురించి విచారించండి.

మళ్లీ డబ్బు దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. లాభాపేక్ష లేని సంస్థల్లో రిటైర్మెంట్ పొదుపుకి 401కే ఖాతా బదులు చాలాచోట్ల 403బి ఉంటుంది. మీరు కొంత వేస్తే వాళ్లు కొంత కలిపే ఏర్పాటుంటే, మొదటి జీతం నుంచే ఆ కలిపే మేరకి వేయండి. నేను అది కూడా కొన్నేళ్లు వదిలేశాను, ప్లాటు వాయిదాల కోసం. ఆ ప్లాటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది, చుట్టూ గోడ కట్టడానికి మళ్లీ డబ్బు పంపాను. ఇంటికి పంపండి, కాదనను. అమ్మానాన్నలకి, పిల్లల చదువులకి పంపండి. ప్లాట్లకి వద్దు.

అరోరా నుంచి రైల్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, అక్కడి నుంచి నడిచి మెట్రా ఎలక్ట్రిక్ లైన్ పట్టుకుంటే మ్యూజియం దగ్గర 55-56-57 స్ట్రీట్ స్టేషన్‌లో దిగొచ్చు. ఇంటర్వ్యూకి ముందొకసారి ఆ దారిన వెళ్లి, టికెట్ కొని, సందర్శకుడిలా లోపలంతా తిరిగి రండి. ఇంటర్వ్యూలో హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, 403బిలో వాళ్ల వాటా ఎంతో, ఎన్నేళ్లు పనిచేస్తే అది పూర్తిగా మనదవుతుందో అడిగి రాసుకోండి. గంటకెంత అన్నది ఆ తర్వాత అడగండి.