మీ సందేహాలు – మా జవాబులు: రెండో ఆటలో తడబడే క్విజ్ యాప్

ప్రశ్న: బ్లాకులు జోడించి ఫోన్ యాప్‌లు చేసే యాప్ ఇన్వెంటర్‌లో గోదావరి మీద పది ప్రశ్నల క్విజ్ చేశామండి. మొదటిసారి చక్కగా ఆడుతోంది. ‘మళ్ళీ ఆడు’ నొక్కితే ఒక్కోసారి నాలుగే ప్రశ్నలు వస్తున్నాయి, ఒక్కోసారి ఎర్రర్. మూసి తెరిస్తే మామూలే. ఫోన్‌లో లోపమా? బ్లాక్స్ ఫొటో జతచేశాం.
– డిప్లొమా విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఫోన్‌ తప్పేం లేదమ్మా. ‘ప్రశ్నలు’ లిస్టును ‘మిగిలినవి’ అనే వేరియబుల్‌లో (విలువను దాచుకునే పేరులో) పెట్టి, అడిగిన ప్రశ్ననల్లా అందులోంచి తీసేస్తున్నారు. చిక్కంతా అక్కడే. అలా పెడితే కొత్త లిస్టు పుట్టదు, ఉన్నదానికే రెండో పేరు వస్తుంది. ఎగువ ఊళ్ళో ఒక పేరు, దిగువ ఊళ్ళో ఇంకో పేరు పెట్టి పిలిచినా కాలువ ఒకటే కదా, ఎక్కడ తోడినా తగ్గేది ఆ నీరే. ఆరు ప్రశ్నలయ్యాక ‘మళ్ళీ ఆడు’ నొక్కితే అసలు లిస్టులోనూ మిగిలేవి నాలుగే. పదీ అయ్యాక నొక్కితే ఖాళీ లిస్టులోంచి తీయబోయి ఎర్రర్ ఇస్తుంది. యాప్ పూర్తిగా మూసి తెరిచినప్పుడు లిస్టు మళ్ళీ మొదటినుంచి తయారవుతుంది, అందుకే బాగైనట్టు కనిపిస్తోంది.

ముందు కళ్ళారా చూసుకోండి. రెండు లేబుల్స్ పెట్టి, రెండు లిస్టుల ‘లెంగ్త్ ఆఫ్ లిస్ట్’ చూపించండి. రెండూ 10, 9, 8 అంటూ కలిసే దిగుతాయి. ఇప్పుడు ‘ప్రశ్నలు’ను ‘మిగిలినవి’లో పెట్టేచోట మధ్యలో ‘కాపీ లిస్ట్’ బ్లాక్ తగిలించండి. ‘ప్రశ్నలు’ 10 దగ్గరే నిలబడుతుంది. ఈ కాపీ, స్కోరు 0 చేయడం, మొదటి ప్రశ్న చూపడం, మూడింటినీ ‘కొత్తఆట’ అనే ఒకే ప్రొసీజర్‌లో (పేరుపెట్టి పిలుచుకునే బ్లాకుల గుంపులో) పెట్టి, స్క్రీన్ మొదలైనప్పుడూ ‘మళ్ళీ ఆడు’ నొక్కినప్పుడూ దాన్నే పిలవండి.

ఫొటోలో ఇంకొకటి కనిపించింది. మీ జవాబులు వేరే లిస్టులో ఉన్నాయి. దాన్నీ కాపీ చేసి, ప్రశ్న తీసిన నంబరుదే జవాబూ తీయాలి. లేకపోతే అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ ఏదంటే ‘వశిష్ఠ’ అన్న పిల్లాడికీ తప్పు పడుతుంది. నంబరును ‘రాండమ్ ఇంటీజర్’తో ఒక్కసారే తీసి వేరియబుల్‌లో దాచండి. హద్దులు 1 నుంచి ‘మిగిలినవి’ లెంగ్త్ వరకు. యాప్ ఇన్వెంటర్ లిస్టులు 1తోనే మొదలవుతాయి. 0 నుంచి 10 అని పెడితే సగటున 11 సార్లకు ఒకసారి 0 పడి ఎర్రర్ వస్తుంది. ఇలా అరుదుగా వచ్చే తప్పును పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టం.

ప్రశ్న: ‘ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజినీరు ఎవరు?’ అంటే పిల్లలు ‘కాటన్’ అనే టైపు చేస్తున్నారు. కొందరికి ఒప్పు, కొందరికి తప్పు అంటోంది.
– ఉపాధ్యాయుడు, భీమవరం

జవాబు: మాస్టారూ, కంటికి కనిపించనిది ఏదో ఆ మాటలో ఉంది. టైపు చేసినదానికి ‘లెంగ్త్’ బ్లాక్ పెట్టి చూడండి. ‘కాటన్’ మనకు మూడక్షరాలే అయినా యాప్ లెక్కలో 5: క, దీర్ఘం, ట, న, పొల్లు. 6 వచ్చిందంటే చివర ఖాళీ ఉన్నట్టు, లేదా కీబోర్డు పొల్లు తర్వాత కనబడని విడదీత గుర్తు చేర్చినట్టు. కీబోర్డు సూచించిన మాటను నొక్కితే చివర ఖాళీ పడుతుంటుంది. దాన్ని ‘ట్రిమ్’ తీసేస్తుంది, ఆ గుర్తును మాత్రం తీస్తుందని నమ్ముకోవద్దు. అందుకని ‘=’ మానేసి, పిల్లాడి జవాబులో ‘కాటన్’ ఉందా అని ‘కంటెయిన్స్’తో అడగండి. ‘సర్ ఆర్థర్ కాటన్’ అన్నవాడికీ న్యాయం జరుగుతుంది. అంకెల జవాబులకు మాత్రం ఇది పనికిరాదు, 5 అడిగితే 15 కూడా ఒప్పయిపోతుంది. ఆనకట్ట పూర్తయిన ఏడు 1852 లాంటివాటికి టెక్స్ట్‌బాక్స్‌లో ‘నంబర్స్ ఓన్లీ’ టిక్ పెట్టి, లెక్కల ‘=’ వాడండి.

ప్రశ్న: మా క్విజ్‌కు గరిష్ఠం 10 మార్కులు. ల్యాబ్ ఫోన్‌లో అత్యధిక స్కోరు 40 అని చూపిస్తోంది!
– ఇంటర్ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: అది పక్క బ్యాచ్ వాళ్ళ స్కోరు అయ్యుంటుంది. కంపానియన్‌లో (తయారవుతున్న యాప్‌ను ఫోన్‌లో నడిపి చూసే యాప్‌లో) పరీక్షించేటప్పుడు, ఆ ఫోన్‌లో నడిపిన ప్రాజెక్టులన్నిటికీ టైనీడీబీ (ఫోన్‌లో డేటా దాచే భాగం) ఉమ్మడిగా ఉంటుంది. ఇద్దరూ ‘స్కోరు’ అనే ట్యాగే (దాచిన డేటాకు పెట్టే పేరే) వాడితే ఒకరిది ఇంకొకరికి కనిపిస్తుంది. టైనీడీబీ ప్రాపర్టీల్లో ‘నేమ్‌స్పేస్’ దగ్గర మీ యాప్ పేరు పెట్టండి. ఏపీకే (ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైలు) చేసి ఎక్కించాక ఒకదాని డేటా ఇంకోదానికి అందదు.