ఖైదీల చేత పని చేయిస్తే చైనా వెళ్లిపోయిన ఫ్యాక్టరీ ఉద్యోగాలు అమెరికాకు తిరిగొస్తాయా?

రావు. ఫెడరల్ జైళ్లలో యూనికోర్ అనే ప్రభుత్వ సంస్థ 1934 నుంచి ఫ్యాక్టరీలు నడుపుతోంది, కూలి గంటకు 23 సెంట్ల నుంచి 1.15 డాలర్ల దాకా. బయటి దేశాల్లో తయారయ్యే వస్తువులను ఇక్కడ చేయడానికి 2011 చివర్లో కాంగ్రెస్ దానికి అనుమతి కూడా ఇచ్చింది. ఫ్యాక్టరీ వస్తే ఊరు బాగుపడేది జీతాలు ఆ ఊళ్లో ఖర్చవడం వల్లే కదా, 23 సెంట్లతో ఎవరు ఏం కొంటారు?

నేను నార్త్ కరొలైనాలో ఒక చిన్న ఫర్నిచర్ కంపెనీలో ప్రొడక్షన్ చూసేవాణ్ణి. కుర్చీ సీట్లకు బట్ట బిగించే పనివాళ్లు దొరక్క నానా తంటాలు పడుతున్న రోజుల్లో ఒకతను వచ్చాడు. గుండ్రటి మూలలున్న సీటు ఇచ్చి చేయమన్నాం, కొత్తవాళ్లు తడబడేది అక్కడే. అతను ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, మూలల దగ్గర బట్టను లాగి పట్టుకుని సన్నటి మడతలు లోపలికి తోస్తూ స్టేపుల్ గన్‌తో టకటకా కొట్టుకుంటూ పోయాడు. తిప్పి చూస్తే ఒక్క ముడత లేదు. ఎక్కడ నేర్చుకున్నావంటే జైల్లో అన్నాడు, దాచలేదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ పేరు చెప్పి హెచ్‌ఆర్ వాళ్లు పంపించేశారు. కొన్నాళ్లకు అదే కంపెనీ మీటింగ్‌లో, జైలు వర్క్‌షాపులో సీట్లు చేయిస్తే ఎంతవుతుందో కనుక్కోమన్నారు! లోపలున్నప్పుడు పనికొచ్చే చేతులు బయటికొస్తే పనికిరావా? ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాటెత్తితే చాలు, "తేరగా తిండి పెడుతున్నాం, పని చేస్తే తప్పేంటి" అంటారు. తేరగా ఏమీ కాదండీ. ప్రైవేటు కంపెనీలు ఖైదీలతో చేయించే పనికి స్థానిక కూలి రేటు ఇవ్వాలని 1979 నుంచి ఒక పథకం ఉంది. అందులో కూడా పన్నులు, జైల్లో తిండీ వసతీ, కుటుంబానికి పంపాల్సినది, బాధితులకు పరిహారం అంటూ జీతంలో 80 శాతం వరకు కోయొచ్చు. ఇంకోటి, వేరే దేశాల జైళ్లలో ఖైదీలు చేసిన సరుకు రాకూడదని 1930 నాటి టారిఫ్ చట్టంలో రాసుకున్న దేశం ఇది. చైనా ఖైదీ చేస్తే తప్పయింది ఇక్కడి ఖైదీ చేస్తే దేశసేవ ఎలా అవుతుంది?

పని నేర్పించడానికి నేను వ్యతిరేకం కాదు, అతని చేతిలో ఆ పనితనం చూశాక అసలు కాలేను. కానీ బయటివాళ్లకిచ్చే కూలే ఇవ్వాలి, లోపల పని చేయించుకున్న కంపెనీ విడుదలయ్యాక అదే మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవాలి. ఈ రెండు షరతులూ లేకుండా ఖైదీలతో పని చేయించే పథకం ఎవరు తెచ్చినా నేను ఒప్పుకోను.