డైరీలో 30 రోజులూ ఒకే సిరా

(స్కౌట్ దళంలో పిల్లలున్న ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలకు, ఏళ్ల తరబడి ట్రూప్ నడిపి విశ్రాంతి తీసుకుంటున్న స్కౌట్ మాస్టారి జవాబులు.)

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతిలో స్కౌట్స్‌లో చేరాడు. తొమ్మిదికి వచ్చినా ద్వితీయ సోపాన్ అనే మెట్టు దాటలేదు. వాడితోపాటు చేరిన పక్కింటి కుర్రాడు రాజ్య పురస్కార్ పరీక్షకు సిద్ధమవుతున్నాడు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ కోటా ఉందంటున్నారు. వాణ్ణి తొందరగా పైకి తేవడానికి ఇంట్లో మేమేం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, కోటా ఉన్న మాట నిజమే. స్కౌట్స్, గైడ్స్ కోసం రైల్వేలు కొన్ని పోస్టులు కేటాయిస్తాయి. రాష్ట్రపతి పురస్కారం అక్కడ పనికొస్తుంది. కానీ పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ సంగతి రోజూ గుర్తు చేస్తే వాడు తాడు పట్టుకున్నా ఉద్యోగ దరఖాస్తు పట్టుకున్నట్టే ఉంటాడు.

మెట్లు మీకు తెలిసే ఉంటాయి. ముందు ప్రవేశ్, తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, ఆపైన రాజ్య పురస్కార్, చివరన రాష్ట్రపతి పురస్కార్. ఒక్కో మెట్టు మీద కనీసం ఇన్ని నెలలు ఉండి తీరాలన్న నియమం ఉంది. ఆ గడువును ఎవరి సిఫారసూ తగ్గించదు. గడువు నిండినంత మాత్రాన బ్యాడ్జీ రాదు, పని చేసి చూపించాలి. ద్వితీయ సోపాన్‌లో వంట ఉంది. మీ అబ్బాయి పొయ్యి తనే వెలిగించాడా? ఊదీ ఊదీ కళ్లు మండితే, ‘జరుగు నాన్నా, నేను వెలిగిస్తా’ అని మీరు వెళ్లలేదు కదా?

ఎందుకు అడుగుతున్నానంటే, ప్రవేశ్‌కు వచ్చే పిల్లలు రోజుకొక మంచి పని చేసి, కనీసం ఒక నెలపాటు డైరీ రాయాలి. నా చేతికి వచ్చిన డైరీల్లో ఒకటి ఇప్పటికీ మరచిపోలేను. 30 రోజులూ ఒకే నీలి సిరా, ఒకే గుండ్రని దస్తూరీ, పెద్దవాళ్లది. ‘ఈ రోజు ఒక అవ్వను రోడ్డు దాటించాను’ అని తొమ్మిదిసార్లు ఉంది. అందులో ఒక తేదీన ఊరంతా బంద్, రోడ్డు మీద ఒక్క బండి లేదు. పిల్లవాణ్ణి పిలిచి, ‘ఏ అవ్వరా?’ అంటే నేల చూపులు చూశాడు. తిట్టలేదు. కొత్త డైరీ ఇచ్చాను. ఈసారి రెండో రోజు పేజీలో, ‘చెల్లి చెప్పు తెగితే పిన్నీసు పెట్టాను, మళ్లీ తెగింది’ అని ఉంది. ఆ పేజీ మీద సంతకం పెట్టడం నాకు ఎంతో ఇష్టమైంది.

కాబట్టి ఇంట్లో మీరు చేయాల్సింది తక్కువే. శిబిరం సంచి వాణ్ణే సర్దుకోనివ్వండి. మగ్గు మరచిపోతే మరచిపోనివ్వండి. పక్కింటి కుర్రాడి సంగతి వాడి దగ్గర ఎత్తకండి. ఇక ఏ అంశంలో ఆగాడో మాస్టారిని మీరు కాదు, వాణ్ణే అడగమనండి. మా కాలంలోనూ ఇప్పుడూ చాలామంది ఆగేది భయపడి కాదు, అడగడానికి మొహమాటపడి.

ప్రశ్న: మాస్టారూ, ప్రథమ సోపాన్ పరీక్షలో రీఫ్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, షీప్‌షాంక్, ఫిషర్‌మన్స్ ముడులు వేశాను. బోలైన్ ఒక్కటే తప్పింది. మళ్లీ రమ్మన్నారు. ఒక్క ముడికే ఆపడం న్యాయమేనా?
– ఏడో తరగతి స్కౌట్

జవాబు: న్యాయమే బాబూ. మనిషి నడుముకు కట్టే ముడి అది. బిగుసుకోకూడదు, జారకూడదు.

నేనూ అందులోనే తప్పాను. ఇంట్లో మంచం కోడుకు వందసార్లు కట్టి ధీమాగా వెళ్లాను. పరీక్ష పెట్టిన పెద్దాయన, ‘కోడుకు కాదు, నీ నడుముకు కట్టుకో’ అన్నారు. తాడు నా వైపు తిరిగేసరికి కుడి ఎడమలు తారుమారయ్యాయి. ఏదో కట్టాను. ఆయన కొస పట్టి లాగగానే ఉచ్చులా బిగుసుకుని నా ఊపిరి ఆగినంత పనైంది. ‘బావిలో పడ్డవాడికి ఇదే కట్టి లాగితే?’ అన్నారు, అంతే. రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాను.

పొడవైన తాడును చెట్టనుకో. దాని మీదే చిన్న మెలిక వెయ్యి, అది పుట్ట. కొస పాము. పాము పుట్ట అడుగు నుంచి పైకి వచ్చి, చెట్టు వెనుకగా చుట్టి, వచ్చిన పుట్టలోకే దిగాలి. చాలామంది పామును పైనుంచి లోపలికి దూరుస్తారు, తప్పేది అక్కడే. మెలిక తిరగేసి వేసినా ముడి విడిపోతుంది. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసుకుని, నీ నడుముకే కట్టుకో. కట్టాక నెమ్మదిగా లాగమని మీ పెట్రోల్ లీడర్‌ను, అంటే మీ చిన్న జట్టు నాయకుణ్ణి, అడుగు. మెడకు మాత్రం ఎప్పుడూ, సరదాకైనా కట్టుకోకు.