పెట్ కేర్ బుకింగ్ యాప్: క్యాలెండర్ కంటే ముందు కుక్క గురించి అడగండి

హైదరాబాద్‌లో కుక్కలు, పిల్లులకు గ్రూమింగ్ (స్నానం, జుట్టు, గోళ్ల పని), బోర్డింగ్ (ఓనరు ఊరెళ్తే వాటిని ఉంచుకోవడం), డాక్టర్ విజిట్ బుక్ చేసుకునే యాప్ చేస్తున్నామని, ముందు ఏ స్క్రీన్ల మీద కూర్చోవాలో, లైవ్ ట్రాకింగ్ పెట్టాలో వద్దో చెప్పమని అడిగారు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు తిరిగే ఒక గ్రూమింగ్ వ్యాన్ వాళ్లకి యాప్ డిజైన్ చేశాను. ఇంట్లో ఒక షిట్జు (పొడవు జుట్టుండే చిన్న జాతి కుక్క), ఒక ఇండీ (మన నాటు కుక్క) కూడా ఉన్నాయి. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

సెలూన్ బుకింగ్ యాప్‌ని ముందు పెట్టుకుని దీన్ని గీయకండి. అక్కడ కుర్చీలో కూర్చునేవాడికి నోరుంది. ఇక్కడ బుక్ చేసేది ఒకరు, సేవ చేయించుకునేది మూగజీవి. మధ్యలో ఎవరూ చెప్పని సంగతులే తర్వాత గొడవలవుతాయి. అందుకే మీ కష్టమంతా పెట్ ప్రొఫైల్ స్క్రీన్ మీద పెట్టండి.

ఉదాహరణకి, "మీ కుక్క కరుస్తుందా?" అని అడిగితే నూటికి తొంభై మంది "లేదు" నొక్కుతారు. అబద్ధమాడాలని కాదు, "మావాడు బంగారమండీ" అనే నిజంగా అనుకుంటారు. మేం ఆ ప్రశ్న తీసేసి "గోళ్లు కత్తిరిస్తుంటే ఏం చేస్తుంది?" అని పెట్టాం. కింద నాలుగు జవాబులు: ఊరుకుంటుంది, కాలు లాక్కుంటుంది, గుర్రుమంటుంది, ఇంతవరకు ఎప్పుడూ చేయించలేదు. జనం ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. చివరి జవాబు గ్రూమర్‌కి అన్నిటికంటే విలువైనది. మూతికి బుట్ట తీసుకెళ్లాలా, ఇద్దరు వెళ్లాలా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

జుట్టు సంగతీ అంతే. షిట్జు, పర్షియన్ పిల్లి లాంటివాటికి చెవుల వెనక, చంకల్లో జడలు కట్టేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. గ్రూమర్ వచ్చి దువ్వెన పెట్టాక "ఇది దువ్వితే రాదు, గొరగాల్సిందే, ఇంకొంచెం అవుతుంది" అంటాడు. "యాప్‌లో ఇంతే చూపించారుగా" అని ఓనరు. చెవి వెనక వెంట్రుకలు పాయదీసి ఫొటో పెట్టమని బుకింగ్‌లోనే అడగండి. ధర ఒకటే అంకె కాకుండా ఇంత నుంచి ఇంత అని చూపించండి. గొరిగే ముందు ఓనరు ఫోన్‌కి "సరే" బటన్ రావాలి. అది లేకుండా క్లిప్పర్ ఆన్ చేయొద్దని పనివాళ్లకి గట్టిగా చెప్పండి.

గోమార్ల మందు ఎప్పుడు వేశారనీ అడగాలి. మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కల మందుకి 48 గంటలు అటూ ఇటూ స్నానం చేయించకూడదు. నిన్న మందు వేసిన కుక్కకి ఇవాళ స్నానం స్లాట్ యాప్ ఇవ్వనే కూడదు. చిన్న రూలే కానీ డాక్టర్లు కూడా మీ యాప్‌ని నమ్మేది ఇలాంటి వాటివల్లే.

ఇక స్లాట్లు. అన్నీ గంట చొప్పున కోసేస్తే మధ్యాహ్నానికే లెక్క తప్పుతుంది. లాబ్రడార్ ఆరడానికే బోలెడు సేపు పడుతుంది. ప్రొఫైల్‌లో చెప్పిన జాతి, జుట్టు, స్వభావం బట్టి స్లాట్ ఎంతసేపో యాపే లెక్కగట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి మధ్యాహ్నం స్లాట్లు మూసేయండి, ఎండకి వాటికి ఊపిరాడదు. ఒక వ్యాన్‌కి ఒక పూట ఒకే వైపు. ఉప్పల్‌లో పదింటికి, మాదాపూర్‌లో పన్నెండింటికి అని పెట్టారో, వ్యాన్ సగం రోజు ట్రాఫిక్‌లోనే ఉంటుంది. అడ్రస్‌తో పాటు "వ్యాన్ ఎక్కడ ఆపొచ్చు?" అని కూడా అడగండి, చాలా అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లోకి దాని ఎత్తు పట్టదు.

గ్రూమర్ యాప్ గురించి మీరు అసలు అడగలేదు. తడి చేతులు, చవక ఆండ్రాయిడ్ ఫోన్, ఒక చేత్తో కుక్కని పట్టుకుని ఉంటాడు. టైప్ చేయమంటే చేయడు. "వచ్చాను", "మొదలుపెట్టాను", "అయిపోయింది" అని మూడు పెద్ద బటన్లు, వాయిస్ నోట్, తెలుగూ హిందీ చాలు. మొదటి రెండు బటన్లు నొక్కినప్పుడు ఓనరుకి మెసేజ్, అయిపోయాక ఒక ఫొటో వెళ్తే లైవ్ ట్రాకింగ్ అక్కర్లేదు. జనానికి వ్యాన్ ఎక్కడుందన్న టెన్షన్ కంటే లోపల మనవాడు ఎలా ఉన్నాడన్న టెన్షనే ఎక్కువ.

పేమెంట్ యూపీఐ పెట్టుకోండి. ఇది బయట చేసే సేవ కాబట్టి ప్లే స్టోర్ బిల్లింగ్‌తో పనిలేదు. ఫోన్‌లో "సక్సెస్" కనపడిందని కాకుండా పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) నుంచి మీ సర్వర్‌కి కబురొచ్చాకే స్లాట్ ఖాయం చేయండి. ఇద్దరు ఒకే స్లాట్ నొక్కితే ఎవరిదో తేల్చాల్సింది కూడా సర్వరే.

డాక్టర్ బుకింగ్ మాత్రం మొదట్లో వద్దంటాను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లే వైద్యం చేయాలి. ఒక్కొక్కరి రిజిస్ట్రేషన్ నంబర్ సరిచూసే మనిషి మీ దగ్గర ఉన్నాకే అది తెరవండి. "కాస్త మత్తు ఇచ్చి గోళ్లు తీయండి" అని గ్రూమర్లని అడిగే ఓనర్లు ఉంటారు, ఆ దారి మీ యాప్‌లో ఎక్కడా ఉండకూడదు. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే స్లాట్లు చూపించకండి, ఫోన్ నంబర్లు చూపించండి: దగ్గరి క్లినిక్‌లు, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి. అదే స్క్రీన్ మీద "పిల్లికి పారాసెటమాల్ విషం" అని పెద్దక్షరాల్లో రాయండి. జ్వరమొచ్చిందని మన మాత్ర సగం తుంచి వేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

బోర్డింగ్‌కి డిమాండ్ దసరా, సంక్రాంతికే, ఊరంతా ఖాళీ అయ్యేది అప్పుడేగా. టీకా కార్డు ఫొటో లేనిదే బుకింగ్ పూర్తి కాకూడదు. రేబిస్ టీకా గడువు తిరిగి వెళ్లే తేదీ వరకు ఉందో లేదో మనిషే చూడాలి, ఆ చేతిరాత ఏ సాఫ్ట్‌వేర్‌కీ అంతుపట్టదు. తిరిగి అప్పగించేటప్పుడు ఓటీపీ పెట్టండి. పండగ రద్దీలో తెల్ల షిట్జులన్నీ ఒకేలా ఉంటాయి. అడ్వాన్సు మాత్రం పండగ బుకింగ్‌లకి తప్పనిసరి చేయండి, లేదంటే ఒక్కొక్కరు మూడు చోట్ల బుక్ చేసి భోగి ముందు రోజు రెండు రద్దు చేస్తారు.